ఏడో నంబరు తీగ

మా గుజ్జు ఫ్యాక్టరీలో అందరికంటే ముందు బుద్ధి వచ్చింది కాయలు కడిగే తొట్టికి.

అంతవరకు తొట్టి నిండితే ఎవరో ఒకరు కేక పెట్టాలి, ఇంకెవరో పరుగెత్తి పంపు కట్టేయాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఎప్పుడూ టీకి వెళ్ళి ఉండేవారు. అందుకని మామిడి సీజను సాగినన్నాళ్ళూ మేమంతా చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకునే తిరిగేవాళ్ళం. ఆ ఏడు మే నెలలో హోసూరు నుంచి హర్షిణి అనే ఇంజనీరమ్మ వచ్చి, టిఫిన్ క్యారియరంత బూడిదరంగు పెట్టె ఒకటి గోడకు బిగించింది. దాని పేరు ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్. అంత పేరూ పలికేలోపు తొట్టి పొర్లిపోతుంది గనక అందరూ పి.ఎల్.సి. అన్నారు. ఆ రోజు నుంచి తొట్టి నిండగానే పంపు దానంతటదే ఆగింది. కాయలు రాకపోతే బెల్టు ఆగింది. డబ్బా వచ్చి నిలబడితేనే గుజ్జు పడింది. ఎవరూ కేకలు పెట్టలేదు. మొదటి వారం ఆ నిశ్శబ్దానికి మాకు చెవులు నొప్పిపుట్టాయి.

వెళ్తూ వెళ్తూ ఇంజనీరమ్మ తెలుగులో అచ్చేసిన చిన్న పుస్తకాలు మనిషికొకటి చొప్పున నూట నలభై మూడు పంచింది. నూట నలభై రెండు పుస్తకాలు మామిడితాండ్ర పొట్లాలకు పోయాయి. ఒకటి నేను చదివాను. నాది రికార్డు గదిలో అటెండరు ఉద్యోగం. అక్షరం ఉన్న కాగితం చేతిలో పడితే చివరిదాకా చదవందే నాకు స్థిమితం ఉండదు. చదవకుండా వదిలేసిన పేజీలోనే కొంప ముంచే మాట ఉంటుందని నా భయం.

పుస్తకంలో ఉన్నది కష్టమేమీ కాదు. ఆ పెట్టెకు కొన్ని కళ్ళు, కొన్ని చేతులు. తొట్టిలో తేలే బెండు, బెల్టు పక్కన వెలిగే దీపపు కన్ను, గోడ మీది మీట, ఇవి కళ్ళు. పంపు, మోటారు, గంట, ఇవి చేతులు. పెట్టె ముందు కళ్ళన్నింటినీ ఏం చూశారని అడుగుతుంది. తర్వాత తన లోపల రాసి ఉన్న నియమాలను పైనుంచి కిందికి చదువుకుంటుంది. తర్వాత చేతులకు పని చెప్పి మళ్ళీ మొదటికొస్తుంది. ఇదంతా రెప్ప వేసేలోపు ఎన్నోసార్లు. ఆ నియమాలను నిచ్చెనలాగా గీస్తారు. మెట్టుకొక నియమం. మెట్టు మీది షరతులన్నీ తీరితేనే దాని చివరనున్న పని జరుగుతుంది.

నేను పెన్సిలుతో గీత పెట్టుకున్నవి రెండు చోట్లు. ఒకటి, నడిపే మీటను ఒక్కసారి నొక్కి వేలు తీసేసినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. తాను తిరుగుతున్నాననే సంగతినే షరతుగా పెట్టుకుని, అది తనను తానే పట్టుకుని ఉంటుంది. రెండోది, ఆపే తీగలో ఎప్పుడూ కరెంటు పారుతూనే ఉండాలి. ఆ పారకం తెగిందంటే ఆగమని అర్థం. మీట నొక్కినా తెగుతుంది, తీగ ఊడినా తెగుతుంది, ఎలుక కొరికినా తెగుతుంది. ఏది జరిగినా యంత్రం ఆగాలి గాని నడవకూడదు, మనిషికి అదే క్షేమం అని రాశారు.

మా ఎం.డి. వరదరాజులు గారు ఆ పుస్తకం చదవలేదు. ఆయన తొట్టిని చూశారు. చూసి, ఒక సర్క్యులర్ పంపారు. "యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, కాయలు కడుగు తొట్టి ప్రదర్శించుచున్న క్రమశిక్షణ కార్యాలయములో లోపించినట్లు గమనించడమైనది. కావున ఇకమీదట కార్యాలయ వ్యవహారములన్నియు తొట్టి మార్గమున నడువవలెను" అని అందులో ఉంది.

ఇంజనీరమ్మ మళ్ళీ వచ్చింది. ఇది యంత్రాల కోసం చేసిన పెట్టె అని నచ్చజెప్పబోయింది. మేము యంత్రాలకంటే తీసిపోయామా అని ఎం.డి. గారు అడిగారు. ఆ ప్రశ్నకు ఏం చెప్పినా చిక్కే కాబట్టి ఆ అమ్మాయి నోట్‌బుక్ తెరిచింది.

"ఏ పని ఏ వరసలో జరుగుతుందో చెప్పండి సార్. పెట్టె ఆలోచించదు. ఏం చెప్తే అదే చేస్తుంది" అంది.

చెప్పే బాధ్యత సూపరింటెండెంటు దొరస్వామి గారి మీద పడింది. ఆయన జన్మలో అబద్ధమాడి ఎరగని మనిషి. పని ఎలా జరగాలో కాకుండా ఎలా జరుగుతోందో తొమ్మిది రోజులు కూర్చుని చెప్పారు. లీవు అడిగితే మొదటిసారి లేదనాలి, రెండోసారి చూద్దామనాలి, మూడోసారి ఎందుకని అడగాలి. ఫైలు తనది కాని రెండు టేబుళ్ళ మీదికి వెళ్ళొచ్చాకే తన టేబుల్ చేరాలి. కుర్చీ మీద తువ్వాలు ఉంటే ఆఫీసరు సీట్లో ఉన్నట్టే. ఇంజనీరమ్మ తల ఎత్తకుండా అన్నీ మెట్లుగా గీసుకుంది.

జూన్ నెలాఖరుకు మా టేబుళ్ళన్నింటికీ మీటలు, దీపాలు వచ్చాయి. ఆఫీసర్ల కుర్చీలకు తువ్వాలును పసిగట్టే కన్ను పెట్టారు. ఒక సోమవారం దొరస్వామి గారి తువ్వాలు చాకలికి వెళ్ళింది. ఆయన పొద్దున తొమ్మిదింటికి వచ్చి సాయంత్రం ఐదింటిదాకా కుర్చీలోనే కూర్చున్నారు. హాల్లోని బోర్డు మాత్రం ఆయన గైర్హాజరని చూపించింది. ఆయన సంతకం పెట్టబోతే ఫైళ్ళ అరకు తాళం పడిపోయింది. మధ్యాహ్నం ఆయన తనకు తానే సెలవు మంజూరు చేసుకోవాలని మీట నొక్కితే లేదు అని ఎర్ర దీపం వెలిగింది. రెండోసారి చూద్దాం అంది. మూడోసారి ఎందుకు అంది. సీట్లో ఉన్నందుకు అని ఆయన కాగితం మీద రాసిచ్చారు. మంగళవారం తువ్వాలు తిరిగొచ్చింది. ఆయన రాలేదు, జ్వరం. ఆ రోజు తువ్వాలు పద్నాలుగు ఫైళ్ళు కదిలించింది. ఎం.డి. గారు చాలా సంతోషించారు.

ఉద్యోగం కూడా ఒక మెట్టయింది. ఒక్కొక్కరం ఆకుపచ్చ మీట మీద బొటనవేలు పెట్టాం. మా పేరు దీపం వెలిగింది. వేలు తీసేసినా దీపం తనను తానే పట్టుకుని వెలుగుతూనే ఉంది. నూట నలభై మూడు దీపాల పలక నా రికార్డు గదిలోనే పెట్టారు, వానకు కారని గది అదొక్కటే గనక. ఎలక్ట్రీషియన్ మునిరత్నం నాకు చూపించి జాగ్రత్త చెప్పాడు. విడివిడిగా లాగడానికి తీగ చాలక, అందరి ఆపు తీగలూ తెచ్చి ఏడో నంబరు తీగలో కలిపాడట.

"ఇది ఊడిందంటే నూట నలభై మూడు మందికీ ఒకేసారి ఆపు పడిపోతుంది. దీన్ని మాత్రం తాకబాకక్కా" అన్నాడు.

ఆ రోజు నుంచి నేను తాళం వేసే ముందు మూడుసార్లు ఆ తీగను చూసుకునే ఇంటికి వెళ్ళేదాన్ని.

చివరన ఫైర్ ఆఫీసరొచ్చి ఒక మెట్టు రాయించి వెళ్ళాడు. ఉద్యోగంలో ఒక్క మనిషి కూడా లేకపోతే గేట్లన్నీ వాటంతటవే తెరుచుకోవాలి, లోపల ఎవరైనా చిక్కుకుంటే తీసేవాళ్ళు ఉండరు కదా అని. అలాంటి రోజు ఎక్కడొస్తుందని అందరూ నవ్వారు.

ఇంక చెంగమ్మ సంగతి చెప్పాలి. కాయలు ఏరే బెల్టుకు పెద్ద ఆమె. కుళ్ళిన కాయను చూడక్కర్లేదు, వేలు తగిలితే చాలు పట్టేసేది. ఇప్పుడా వేళ్ళకు కీళ్ళనొప్పులు. ఆమే నేనూ ముప్పై నాలుగేళ్ళ కింద ఒకే రోజు చేరాం, అప్పటినుంచి ఒకే బాక్సులో తిన్నాం. ఆ జూలై ముప్పై ఒకటిన ఆమె పదవీ విరమణ. అదే రోజు సాయంత్రం తిరుపతిలో రైలెక్కాలి. విజయనగరంలో ఉన్న వాళ్ళ పెద్దక్కకు నీటికాసులనే కంటిజబ్బొచ్చి ఒక కన్ను అప్పటికే పోయింది. రెండో కంటికి ఆగస్టు రెండున ఆపరేషన్. చూపు నిలుస్తుందో లేదో డాక్టరు చెప్పలేనన్నాడట. ముందు నీ మొహం చూసుకున్నాకే బల్ల ఎక్కుతానని ఆ అక్క కబురు పంపింది. వాళ్ళిద్దరూ చూసుకుని పంతొమ్మిదేళ్ళయింది. రైలు అందాలంటే మా ఊరి బస్టాండులో నాలుగున్నర బస్సు పట్టుకోవాలి. తర్వాత బస్సుకు రైలు ఉండదు.

నాకు మనుషులు వెళ్ళిపోవడమంటే భయం. మా ఆయన ఉప్పు తెస్తానని వెళ్ళి ఆస్పత్రి నుంచి ఇంటికి రాలేదు. మా చెల్లెలు పెళ్ళి బండిలో మలుపు దగ్గర చెయ్యి ఊపింది, మళ్ళీ కనబడలేదు. బస్టాండులో ఎవరి వాళ్ళనో ఎవరో ఎక్కిస్తుంటే కూడా నాకు కాళ్ళు వణుకుతాయి. అందుకని ఆ జూలై నెలంతా నేను క్యాలెండరు వైపు చూడకుండా నడిచాను.

వీడ్కోలుకు దొరస్వామి గారు రాయించిన వరస ఇది. దండ వేయాలి, శాలువా కప్పాలి. ఎం.డి. గారు పన్నెండు నిమిషాలు మాట్లాడాలి. చప్పట్లయ్యాక జ్ఞాపిక, కారం బూందీ, మైసూర్‌పాక్. చివరికి రిటైరైన మనిషిని ఆఫీసు జీపులో ఇంటిదాకా దిగబెట్టాలి. ఆ జీపు గేటు దాటేదాకా మిగతావాళ్ళెవరూ దాటకూడదు, అది మర్యాద. అయితే జీపు కదలాలంటే ఒక షరతు ఉంది. వెళ్ళే మనిషి స్థానంలో మరో మనిషి చేరి ఉండాలి. మరో మనిషి చేరాలంటే వేరే మెట్టు మీద ఇంకో షరతు ఉంది. స్థానం ఖాళీగా ఉండాలి.

ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయని ఇంజనీరమ్మ అప్పుడే అడిగిందట. ముప్పై ఏళ్ళుగా ఇదే పద్ధతి అన్నారు దొరస్వామి గారు. మరి ఎలా నడిచింది అని అడిగితే, నడవలేదు, కానీ పద్ధతి ఇదే అన్నారట. ఇదివరకు మనుషులు గేటు దాటి వెళ్ళిపోయేవాళ్ళు, కాగితం ఏడాది తర్వాత వెనకాలే వెళ్ళేది. ఇప్పుడు గేటుకు కూడా బుద్ధి వచ్చింది.

సభ ఒంటిగంటకు మొదలైంది. చెంగమ్మ వంగపండు రంగు చీర కట్టుకుని, కాళ్ళ దగ్గర ప్రయాణం సంచి పెట్టుకుని కూర్చుంది. దండ పడింది, శాలువా పడింది. చెంగమ్మ గారు ఈ సంస్థకు వెన్నెముక అని ఎం.డి. గారు కాగితం చూసి చదివారు. చప్పట్లు కొట్టాం, బూందీ తిన్నాం. అందరం జీపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాం. గేటు కదల్లేదు. హాల్లో బోర్డు మీద అక్షరాలు పడ్డాయి. "విరమణ పురోగతిలో ఉన్నది. ప్రత్యామ్నాయ వ్యక్తి కొరకు వేచి ఉండుడు."

పది నిమిషాలు వేచి ఉన్నాక గంట మోగింది. వరస చివరిదాకా సాగకపోతే పెట్టె మళ్ళీ మొదటికొస్తుంది, దాని స్వభావమే అంత. బోర్డు మీద దండ అని పడింది.

ఏం చేస్తాం, మళ్ళీ దండ వేశారు. సంస్థకు వెన్నెముక అని ఎం.డి. గారు మళ్ళీ చదివారు. ఆయన పన్నెండు నిమిషాలకు ముందే ఆపబోతే మైకు పక్కన ఎర్ర దీపం వెలిగింది. కాబట్టి చదివిందే చదివారు. ఈసారి శాలువా లేక పాత శాలువానే తీసి మళ్ళీ కప్పారు. హోసూరుకు ఫోన్ చేస్తే, తాను రావడానికి రేపవుతుందని, పాస్‌వర్డు కొడితే మెట్టు దాటించవచ్చని ఇంజనీరమ్మ చెప్పింది. పాస్‌వర్డు సీలు వేసిన కవరులో, కవరు బీరువాలో ఉంది. బీరువా తెరవాలంటే ముగ్గురు సభ్యుల కమిటీ కావాలి. అందులో ఒక సభ్యుడి పోస్టు ఖాళీ. గోడ ఎక్కిద్దామని మునిరత్నం అన్నాడు. గోడ ఎనిమిది అడుగులు, పైన గాజు పెంకులు. చెంగమ్మ గోడను ఒకసారి, అతన్ని ఒకసారి చూసింది.

మూడోసారికి ఎం.డి. గారి ప్రసంగం కాగితం బూందీ పొట్లంగా మారిపోయింది. పన్నెండు నిమిషాలు నోటికొచ్చింది మాట్లాడక తప్పలేదు. మూడు నిమిషాలకు పొగడ్తలు అయిపోయాయి. ఇంక ఆయన నిజం చెప్పడం మొదలుపెట్టారు.

"రెండేళ్ళ కింద మా బావమరిది తోట కాయలు లారీడు వెనక్కి పంపినావు చెంగమ్మా. నాకు చాలా కోపమొచ్చింది. ఆ కాయలు కుళ్ళినవే" అన్నారు.

చెంగమ్మ మైకు తీసుకుంది. "కాయలదేముంది సార్, వేలు పెడితే తెలిసిపోయింది. మీ బావమరిదిని కూడా బెల్టు మీద వేసి చూడాల్సింది" అంది.

నూట నలభై మందీ గొల్లుమన్నారు. ఎం.డి. గారు కూడా నవ్వారు. చప్పట్లు ఎంత గట్టిగా పడ్డాయంటే బోర్డు ఆ షరతు తీరిందని రెండుసార్లు వేసింది. అందరూ మైకు కోసం ఎగబడ్డారు. క్యాంటీనువాళ్ళు చెంగమ్మ తమ సాంబారును ఏమన్నదో చెప్పారు. దొరస్వామి గారు లేచి, ఆ సోమవారం తాను నిజంగానే సీట్లో ఉన్నానని, దయచేసి ఎవరైనా నమ్మాలని కోరారు. కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వుతున్నాం. నేనైతే లోపల్లోపల మరీ ఎక్కువ సంతోషపడ్డాను. ఒప్పుకుంటున్నాను. గేటు తెరుచుకోకపోతే బస్సు పోతుంది, బస్సు పోతే చెంగమ్మ రేపు కూడా నా బాక్సులోనే తింటుంది. ఆ పెట్టె నా తరఫున వాదిస్తున్నట్టే ఉంది.

మూడూ ముప్పావు దాటింది. గంట మోగింది. బోర్డు మీద నాలుగోసారి దండ అని పడింది. చెంగమ్మ అప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. మెడలో మూడు దండలు, ఒళ్ళో మూడుసార్లు ఇచ్చి రెండుసార్లు వెనక్కి తీసుకున్న జ్ఞాపిక.

"బస్సు పోతుందేమే?" అంది.

నేను ఆమె మెడలో చిక్కుపడ్డ దండలు సర్దాను.

"అక్క ఆ ఒక్క కన్ను పెట్టుకోని కాచుకోనుంటుంది. చూసి చూసి అలిసిపోతుందేమో" అంది. ఎవరినీ తప్పు పట్టలేదు. తన వేళ్ళను తానే నొక్కుకుంటూ కూర్చుంది.

నేను లేచి రికార్డు గదికి వెళ్ళాను. తలుపు తాళం తీశాను. లోపల నూట నలభై మూడు దీపాలు తమను తామే పట్టుకుని వెలుగుతున్నాయి. చెంగమ్మది నా దీపం పక్కనే. ఆమెది ఒక్కటే ఆర్పే దారి ఉందేమోనని వెతికాను. లేదని నాకు ముందే తెలుసు. పుస్తకంలో గీత పెట్టుకున్నది నేనే కదా. ఒక్కరిని పంపడం ఎలాగో ఆ పెట్టెకు తెలియదు. అందరినీ పంపడం తెలుసు. ఆ మాట తోచగానే, ఆశ్చర్యం, నా భయం పోయింది. ఒక్కరు వెళ్తేనే కదా మిగిలినవాళ్ళు నిలబడి చూడవలసింది.

స్క్రూ తిప్పి, ఏడో నంబరు తీగ పీకేశాను.

దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి, నాది కూడా. హాల్లో నవ్వులు ఆగాయి. నేను తిరిగి వెళ్ళేసరికి అందరూ తలలెత్తి బోర్డు చదువుతున్నారు. "మొత్తం సిబ్బంది సున్న. గేట్లు తెరవబడినవి. మీ శేషజీవితం సుఖశాంతులతో గడుచుగాక."

"దొరస్వామీ, నేను కూడానా?" అన్నారు ఎం.డి. గారు.

"తమరూ సార్" అన్నారు దొరస్వామి గారు, తువ్వాలు మడిచి భుజాన వేసుకుంటూ.

బయట గేటు కిర్రుమంటూ తెరుచుకుంది. రిటైరైనవాళ్ళను జీపులో దిగబెట్టడం పద్ధతి. రిటైరైనవాళ్ళు నూట నలభై మూడు మంది, జీపు ఒకటి. ఎవరిని ముందు దిగబెట్టాలన్న ప్రశ్న వస్తే, వయసులో అందరికంటే పెద్ద చెంగమ్మే కాబట్టి ఆమెనే అని ఎం.డి. గారే అన్నారు. తానిప్పుడు డ్రైవరు కాదని, పొరుగువాడిగా నడుపుతున్నానని జీపు డ్రైవరు అందరికీ చెప్పి మరీ స్టార్ట్ చేశాడు. చెంగమ్మ మెడలోని ఒక దండ తీసి ఎం.డి. గారికి వేసింది. ఆయన ముందు సీట్లో కూర్చున్నారు. మిగతావాళ్ళం జీపు వెనకాలే నడిచాం. మిగిలిన మైసూర్‌పాక్ దారిపొడవునా పంచుకుంటూ వెళ్ళాం. ఏం పండగని అంగళ్ళవాళ్ళు అడిగారు. రిటైర్మెంటు అన్నాం. ఎవరిదని అడిగారు. ఫ్యాక్టరీది అన్నాం.

బస్సు కదలబోతుండగా అందింది. చెంగమ్మ కిటికీలోంచి తల బయటకు పెట్టి నన్ను పిలిచింది.

"తీగ ఎవురు పీకినారే?"

"ఎలుక" అన్నాను.

ఆమె నా మొహం వంక, తర్వాత నా చేతుల వంక చూసింది. "ఆ ఎలుకకు చెప్పు, చేరినాక జాబు రాస్తానని" అంది. బస్సు కదిలింది. నా కాళ్ళు వణకలేదు. చుట్టూ నూట నలభై ఒక్క మంది ఉద్యోగం లేనివాళ్ళు చేతులూపుతున్నారు. వణికినా పడడానికి చోటు లేదు.

మర్నాడు ఫ్యాక్టరీ ముందు అందరం గుమిగూడాం. తీగ మునిరత్నం బిగించాడు. ఇప్పుడు అన్ని స్థానాలూ ఖాళీ. ఖాళీ ఉంటే మనిషిని తీసుకోవచ్చన్న మెట్టు మొదటిసారిగా తెరుచుకుంది. వేలు పెట్టిన ప్రతివాళ్ళనూ పెట్టె కొత్త ఉద్యోగిగా చేర్చుకుంది. చెంగమ్మ స్థానంలో కూడా మల్లిక అనే పిల్ల చేరిపోయింది, పదేళ్ళుగా ఎదురుచూస్తున్న పిల్ల. ఎం.డి. గారు ప్రొబేషన్‌లో పడ్డారు. ఆయన పనితీరు తృప్తికరమని సంతకం పెట్టవలసింది దొరస్వామి గారు. దొరస్వామి గారు కూడా ప్రొబేషనే కాబట్టి, ఆయన తువ్వాలు పెట్టింది.

విచారణ సంఘం మూడు వారాలు కూర్చుంది. "సదరు తీగ మూషికముచే తొలగించబడినట్లు, స్క్రూ సైతము మూషికమే విప్పినట్లు నిర్ధారించడమైనది" అని నివేదిక ఇచ్చింది. రికార్డు గదిలో ఒక బోను పెట్టమని ఉత్తర్వు వచ్చింది. నేనే పెట్టాను. రోజూ దాన్ని తుడుస్తున్నాను.

ఆగస్టు చివర్లో ఒక కార్డు వచ్చింది. "ఎలుక గారికి, రికార్డు గది" అని అడ్రసు. ఇన్‌వార్డు నంబరు వేసి, దొరస్వామి గారు మార్జినులో రాశారు. "సదరు ఎలుక మన సిబ్బందిలో లేదు. అటెండరు ద్వారా అందజేయవలెను."

అందజేసుకున్నాను.

"నేను చేరినాను. అక్క నన్ను చూడంగానే, ఇంత ముసలిదానివైపోయినావేమే అనింది. చూపు బాగానే ఉందని నాకప్పుడే ధైర్యమొచ్చింది. ఆపరేషన్ అయింది. కట్టు విప్పినారు, ఆ కన్ను నిలిచింది. ఇప్పుడు నా వంటను కూడా చూసే తిడతా ఉంది. నీకింకా రెండేండ్లుండాది. నీ రోజొచ్చినప్పుడు కబురు చెయ్యి. నువ్వేం భయపడబాక. నేనొచ్చి తీగ పీకుతా."

కార్డును పుస్తకంలో, నేను పెన్సిలుతో గీత పెట్టిన పేజీలో దాచాను. తాళం వేసే ముందు ఎప్పటిలాగే ఏడో నంబరు తీగను మూడుసార్లు చూసుకున్నాను. గట్టిగానే ఉంది. చెంగమ్మ వేళ్ళకు కీళ్ళనొప్పులు. స్క్రూను అర చుట్టు వదులు చేసి, గది తాళం వేసి ఇంటికి వెళ్ళాను.